కుండీలో మట్టి తడిగానే ఉంది, అయినా టమాటా వాడిపోతోంది. ఏం చేయాలి?

#1 చిగురాకు22

అందరికీ నమస్కారం. చాలా రోజులుగా ఇక్కడ చదువుతున్నాను, రాయడం మాత్రం ఇదే మొదటిసారి. నాలుగు నెలల క్రితం బాల్కనీలో కుండీలు పెట్టుకున్నాను. రెండు టమాటా, మూడు మిరప, ఒక పుదీనా, ఒక గులాబీ. గులాబీ పోయిన నెలలోనే చచ్చిపోయింది. ఇప్పుడు టమాటాల్లో పెద్దది మూడు రోజుల నుంచి తల వాల్చేసింది. కింది ఆకులు పసుపుపచ్చగా మారి, ముట్టుకుంటే రాలిపోతున్నాయి.

రోజూ పొద్దున్నే ఒక మగ్గు నీళ్ళు పోస్తాను. ఒక్క రోజు కూడా మానలేదు. ఆకులు వాలడం చూసి ఎండదెబ్బేమో అనుకుని సాయంత్రం ఇంకో మగ్గు పోయడం మొదలుపెట్టాను. కోలుకోలేదు సరికదా, ఇంకా ఎక్కువైంది. కుండీలకు అడుగున చిల్లులున్నాయి. నీళ్ళు బాగా దిగాలని అడుగున రెండంగుళాల మందాన గులకరాళ్ళు కూడా వేశాను. మట్టి చూస్తే తడిగానే ఉంది. మరి మొక్కకు నీళ్ళు ఎందుకు అందడం లేదు? గులాబీ కూడా సరిగ్గా ఇలాగే పోయింది. అందుకే బాగా టెన్షన్‌గా ఉంది. దయచేసి ఎవరైనా చెప్పండి.

#2 మట్టివాసన

కంగారు పడకండి. ముందు కొన్ని వివరాలు కావాలి. కుండీ ఎంత పెద్దది? ప్లాస్టిక్కా, మట్టిదా? లోపల వేసింది ఏ మట్టి? కింద ప్లేటు ఉందా, అందులో నీళ్ళు నిలబడుతున్నాయా? ఎండ ఎంతసేపు వస్తుంది?

ఇంకో పని చేయండి. కుండీని పక్కకు వాల్చి, అంచుల మీద నాలుగు దెబ్బలు తట్టి, మొక్కను మట్టిగడ్డతో సహా బయటికి లాగండి. వేళ్ళు ఏ రంగులో ఉన్నాయో చూసి, వాసన చూసి చెప్పండి. భయపడకుండా తీయండి, దానివల్ల మొక్క చచ్చిపోదు.

సాయంత్రం మగ్గు మాత్రం ఇవాళే ఆపేయండి. పొద్దుటిది కూడా.

#3 చిగురాకు22

తీసి చూశాను. ప్లాస్టిక్ కుండీ, 12 అంగుళాలది. మట్టి ఇంటి వెనక తవ్వి తెచ్చింది, దాంట్లో రెండు గుప్పిళ్ళు కంపోస్ట్ కలిపాను. కింద ప్లేటు ఉంది. అందులో నీళ్ళు ఎప్పుడూ ఉంటాయి, మొక్క కావాలనుకున్నప్పుడు తాగుతుందని వదిలేసేదాన్ని. ఎండ పొద్దున 7 నుంచి 11 దాకా.

గడ్డ పైసగం పర్లేదు, అక్కడక్కడ తెల్లటి వేళ్ళు కనిపించాయి. కింది సగం నల్లగా, బురద ముద్దలా ఉంది. మురుగుకాలువ వాసన వచ్చింది. అక్కడి వేళ్ళు గోధుమరంగులో ఉన్నాయి. ఒకదాన్ని చేత్తో పట్టుకుని లాగితే పైతొక్క చేతిలోకి ఊడి వచ్చి, లోపల సన్నటి దారం మిగిలింది. చూడగానే ఏడుపొచ్చింది. ఇది నేనే చేశానా?

#4 మట్టివాసన

మీరు ప్రేమతోనే పోశారు, అది అర్థమవుతూనే ఉంది. ఆ తొక్క ఊడి దారం మిగలడం వేరుకుళ్ళుకు స్పష్టమైన గుర్తు. ఇక అనుమానం అక్కర్లేదు.

వేళ్ళు నీళ్ళు తాగడమే కాదు, ఊపిరి కూడా పీలుస్తాయి. మట్టి రేణువుల మధ్య సందుల్లో ఉండే గాలి నుంచి ఆక్సిజన్ తీసుకుంటాయి. ఆ సందులన్నీ నీళ్ళతో నిండిపోతే ఆక్సిజన్ అందదు. గాలిలో కన్నా నీటిలో ఆక్సిజన్ దాదాపు 10,000 రెట్లు నెమ్మదిగా కదులుతుంది. పైనుంచి కొత్త గాలి ఆ బురదలోకి దిగేసరికి వేరు ఉక్కిరిబిక్కిరై చచ్చిపోతుంది. చచ్చిన వేరును బూజు జాతి సూక్ష్మజీవులు పట్టుకుని పక్క వేళ్ళకు కూడా పాకుతాయి. అసలు వేరన్నదే లేనప్పుడు చుట్టూ ఎన్ని నీళ్ళుంటే ఏం లాభం? ఆకుకు నీరు అందదు, వాలిపోతుంది. అంటే నీళ్ళు తక్కువైనా, ఎక్కువైనా పైకి కనిపించేది ఒకటే. అందుకే చాలామంది వాడిన మొక్కను చూసి నీళ్ళ కోసం పరుగెడతారు.

టమాటాకు ఒక అదృష్టం ఉంది. కాండం మట్టిలో ఎంత లోతు పూడిస్తే అంత మేర కొత్త వేళ్ళు పుట్టిస్తుంది. కాబట్టి ఇలా చేయండి. కుళ్ళిన వేళ్ళన్నీ శుభ్రమైన కత్తెరతో కత్తిరించేయండి. తెల్లవి, గట్టిగా ఉన్నవి మాత్రమే ఉంచండి. వేళ్ళు సగం పోయాయి కాబట్టి పైన కూడా మూడో వంతు తగ్గించండి, లేకపోతే అన్ని ఆకులకూ నీళ్ళు అందించలేదు. పూలు, పిందెలు ఉంటే తీసేయండి. కింది ఆకులు తుంచి, కాండం నాలుగంగుళాలు లోపలికి పోయేలా కొత్త మిశ్రమంలో నాటండి. వేళ్ళు తక్కువ కదా, ఈసారి చిన్న కుండీ చాలు. ఒకసారి నీళ్ళు పోసి, అదనపు నీళ్ళన్నీ కారనిచ్చి, వారం రోజులు వెలుతురున్న నీడలో ఉంచండి. ఎరువు ఇప్పుడు అస్సలు వద్దు.

కత్తిరించిన కొమ్మ చివర్లు పారేయకండి. నాలుగైదు అంగుళాల ముక్కను గ్లాసు నీళ్ళలో పెడితే పది, పన్నెండు రోజుల్లో వేళ్ళు వస్తాయి. తల్లి మొక్క పోయినా పిల్ల మిగులుతుంది.

#5 నీడతోట

మట్టివాసన గారు చెప్పినదంతా నిజమే అమ్మా. ఒక్కటి మాత్రం అర్థం కాలేదు. అడుగున రాళ్ళు వేసినా బురద ఎందుకైంది? నేను ముప్పై ఏళ్ళుగా కుండీలు పెంచుతున్నాను. పెంకులో, రాళ్ళో వేయకుండా ఏ కుండీ నింపలేదు. మా పెద్దవాళ్ళు కూడా అలాగే చేసేవాళ్ళు. మరి ఈ అమ్మాయికి ఎందుకు పని చేయలేదు?

#6 వేరుముడి

నీడతోట గారూ, మీ ప్రశ్న చాలా మంచిది. ఎందుకంటే ఈ రాళ్ళ విషయంలో నమ్మకం బలమైనది, జరిగేది మాత్రం దానికి తలకిందులు.

సన్నటి రేణువుల మధ్య సందులు చిన్నవి, అవి నీటిని పట్టి ఉంచుతాయి. గులకరాళ్ళ మధ్య సందులు పెద్దవి, వాటికి ఆ పట్టు లేదు. మట్టిలోంచి దిగుతున్న నీళ్ళు రాళ్ళ పొర దగ్గరికి రాగానే ఆగిపోతాయి. చిన్న సందుల పట్టును విడిచి పెద్ద సందుల్లోకి జారాలంటే పైనున్న మట్టి నీటితో పూర్తిగా నిండాలి. నిండి, ఇంక పట్టలేనప్పుడు మాత్రమే కారుతుంది. అంటే ప్రతి కుండీలోనూ అడుగున కొంత ఎత్తు వరకు మట్టి నానిపోయి ఉంటుంది. ఆ ఎత్తు మట్టి ఎంత సన్నగా ఉందన్నదాన్ని బట్టి ఉంటుంది, కుండీ ఎంత పెద్దదన్నదాన్ని బట్టి కాదు. రాళ్ళు వేస్తే ఆ నానిన పొర పోదు, రెండంగుళాలు పైకి జరుగుతుంది. చిగురాకు గారి కుండీలో వేళ్ళకు మిగిలిన చోటు ఇంకా తగ్గింది.

మాట నమ్మకండి, వంటింట్లో గిన్నెలు తోమే స్పాంజ్ తీసుకుని చూడండి. పూర్తిగా నానబెట్టి, అరచేతి మీద పడుకోబెట్టి పైకెత్తండి. ధారగా కారి, చుక్కలుగా మారి, ఆగుతుంది. ఇక కారేదేం లేదనిపించాక, పిండకుండా, నొక్కకుండా, దాన్ని నిలువుగా నిలబెట్టండి. మళ్ళీ కారడం మొదలవుతుంది! స్పాంజ్ అదే, సందులూ అవే. నిలబెట్టగానే ఎత్తు పెరిగింది, అందుకని పైభాగం ఖాళీ అయింది. అడుగున మాత్రం ఒక పట్టీలా తడి మిగిలే ఉంటుంది. కుండీ అడుగున ఉండేది ఆ పట్టీయే. లోతు తక్కువున్న వెడల్పాటి కుండీలో పడుకోబెట్టిన స్పాంజ్‌లా మట్టంతా తడే. లోతైన కుండీలో నిలబెట్టిన స్పాంజ్‌లా పైన గాలి, కింద తడి.

#7 నీడతోట

ఇప్పుడే చేసి చూశాను. నిలబెట్టగానే నిజంగానే మళ్ళీ కారింది. నాలుగుసార్లు చేశాను. ఇన్నేళ్ళలో ఎవరూ ఇలా చూపించలేదు.

మరి నా మొక్కలు రాళ్ళతోనే బతికాయి కదా? దానికి కారణం కూడా చెప్పండి.

#8 వేరుముడి

మీవి మట్టి కుండీలై ఉండాలి, అవునా? కాల్చిన మట్టి గోడ గుండా తడి బయటికి ఆరుతుంది, గాలి లోపలికి వస్తుంది. దాంతోపాటు ముప్పై ఏళ్ళ అనుభవంతో మీ చెయ్యి ఎప్పుడు పోయాలో ఎప్పుడు ఆపాలో తెలుసుకుంది. మీ మొక్కలను బతికించింది ఆ రెండూ. రాళ్ళున్నా అవి బతికాయి.

చిల్లులోంచి మట్టి జారిపోకుండా ఒక పెంకు ముక్కో, చిన్న నెట్ ముక్కో, కొబ్బరి పీచో పెట్టుకోండి, అందులో తప్పులేదు. పొరలా మాత్రం వద్దు.

#9 నీడతోట

అవును, అన్నీ మట్టి కుండీలే. ఈసారి మార్చేటప్పుడు రెండింటిలో రాళ్ళు లేకుండా వేసి చూస్తాను.

#10 కుండీలోకం

అసలు దోషి మట్టి అని నా అభిప్రాయం. రాళ్ళ గురించి ఇంత మాట్లాడుకున్నాం కానీ, నేలలోంచి తవ్విన మట్టిని ఒక్కదాన్నే కుండీలో వేస్తే రాళ్ళున్నా లేకపోయినా ఇదే కథ. నేలలో వానపాములు, పాత వేళ్ళ దారులు, కింద మీటర్ల లోతు ఉంటాయి. నీళ్ళు కిందకి ఇంకుతూనే ఉంటాయి. అదే మట్టిని 12 అంగుళాల డబ్బాలో పెట్టి రోజూ పైనుంచి నీళ్ళు పోస్తే రెండు నెలల్లో ఇటుకలా గట్టిపడుతుంది. గాలి సందులు మూసుకుపోతాయి.

నేను కూరగాయలకు వాడేది ఇది: మూడు వంతుల కోకోపీట్ (కొబ్బరి పీచు పొడి), రెండు వంతుల బాగా మాగిన కంపోస్ట్ లేదా వర్మీకంపోస్ట్, ఒక వంతు పెర్లైట్ (మట్టిలో గాలి ఆడేలా కలిపే తేలికైన తెల్ల గుళికలు). పెర్లైట్ దొరకకపోతే జల్లెడ పట్టి మెత్తటి పొడి తీసేసిన ముతక ఇసుక. సన్న ఇసుక మాత్రం వేయకండి, అది సందులు పూడ్చేస్తుంది. తోటమట్టి వేయాలనే ఉంటే మొత్తంలో నాలుగో వంతు మించకుండా వేయండి. పిడికిట్లో నొక్కితే ముద్ద కట్టాలి, వేలితో పొడిస్తే విడిపోవాలి. ఆ పరీక్ష నాకు ఏ కొలతకన్నా నమ్మకం.

కోకోపీట్ గురించి ఒక మాట. 650 గ్రాముల ఇటుక నానితే 8, 9 లీటర్ల దాకా ఉబ్బుతుంది. దాంట్లో ఉప్పు ఉండొచ్చు, ముఖ్యంగా సోడియం, పొటాషియం. నానబెట్టి పిండడం రెండు మూడుసార్లు చేయండి. మొదటిసారి వచ్చే నీళ్ళు చిక్కటి టీ రంగులో ఉంటాయి, మూడోసారికి లేతబడతాయి. నేను మొదటి ఏడాది ఈ పని చేయలేదు. ఒక అమ్మకందారు దగ్గర కొన్న ఇటుకలు నేరుగా నానబెట్టి నారు పోశాను. మొలకలన్నీ ఆకు అంచులు మాడి ఆగిపోయాయి. అరవై మొలకలు పోయాక గానీ కారణం తెలియలేదు.

#11 పచ్చనిగూడు

నేను అచ్చంగా కోకోపీట్‌లోనే పెంచుతున్నాను, తేలిగ్గా ఉంటుందని. మొదట్లో బాగా పెరిగాయి, ఇప్పుడు ఆకులన్నీ లేత పసుపులో ఉన్నాయి. అది కూడా నీళ్ళు ఎక్కువవడమేనా?

#12 కుండీలోకం

ముదురు ఆకులు ముందు పసుపుపచ్చగా మారి, చివుళ్ళు ఆకుపచ్చగానే ఉంటే అది నత్రజని ఆకలి. కోకోపీట్‌లో మొక్కకు పనికొచ్చే ఆహారం దాదాపు ఏమీ లేదు, అది తడిని పట్టి ఉంచే దిండు మాత్రమే. కుండీలో వేళ్ళు వెతుక్కుంటూ దూరం పోలేవు, పైగా నీళ్ళు పోసిన ప్రతిసారీ కొంత పోషకం చిల్లులోంచి కారిపోతుంది. రెండు వారాలకోసారి 19-19-19 (నత్రజని, భాస్వరం, పొటాష్ సమానంగా ఉన్నది) లాంటి నీళ్ళలో కరిగే ఎరువును ప్యాకెట్ మీద చెప్పిన మోతాదులో సగం వేసుకోండి. పైన ఒక అంగుళం వర్మీకంపోస్ట్ కూడా పరవండి. మట్టి పొడిగా ఉన్నప్పుడు ఎరువు నీళ్ళు పోయకండి, ముందు మామూలు నీళ్ళతో తడపండి. లేకపోతే వేళ్ళు మాడతాయి.

#13 అయిదోఅంతస్తు

పచ్చనిగూడు గారు బరువు మాట ఎత్తారు కాబట్టి చెబుతున్నాను, ఎవరూ దీని గురించి మాట్లాడడం లేదు. 20 లీటర్ల కుండీ తడి మట్టితో నిండితే 25 కిలోలు దాటుతుంది. అచ్చం తోటమట్టి అయితే 30 కూడా దాటొచ్చు. పది కుండీలంటే నలుగురు పెద్దవాళ్ళు పగలూ రాత్రీ బాల్కనీలో నిలబడి ఉన్నట్టు. బయటికి పొడుచుకొచ్చిన బాల్కనీలో బరువైన కుండీలు గోడవైపు పెట్టండి, రెయిలింగ్ అంచున వద్దు. డాబా మీద అయితే కింద గోడలు, దూలాలు ఉన్న వరుసల్లో పెట్టండి. చాలా కుండీలు పెట్టాలనుకుంటే కట్టడం తెలిసిన ఇంజినీరును ఒకసారి అడగండి. రెయిలింగ్ మీద తగిలించే కుండీలను తీగతో కట్టండి. గాలివానకు ఒక కుండీ కిందపడితే ఏం జరుగుతుందో తలచుకుంటేనే నాకు నిద్ర పట్టదు.

#14 చిగురాకు22

అందరికీ చాలా చాలా థాంక్స్. మట్టివాసన గారు చెప్పినట్టే చేశాను. వేళ్ళు కత్తిరించాక మిగిలినవి నా పిడికిలంత కూడా లేవు. కుండీలోకం గారి మిశ్రమంలో 6 అంగుళాల కుండీలో నాటి, లోపల కిటికీ పక్కన పెట్టాను. మూడు కొమ్మలు గ్లాసులో వేశాను. మిరపలు కూడా తీసి చూశాను, వాటి వేళ్ళు ఇంకా బాగానే ఉన్నాయి. ప్లేట్లన్నీ తీసేశాను.

ఇప్పుడు అసలు ప్రశ్న. ఎన్ని రోజులకోసారి నీళ్ళు పోయాలి? రెండు రోజులకా, మూడు రోజులకా?

#15 మట్టివాసన

ఎన్ని రోజులకని అడిగితే ఎవరు జవాబు చెప్పినా నమ్మకండి, నేను చెప్పినా సరే. ఎండ, గాలి, కుండీ సైజు, మొక్క ఎంత పెరిగింది, ఇవన్నీ రోజూ మారుతుంటాయి. మబ్బు పట్టిన వారంలో అదే కుండీకి అయిదు రోజులు నీళ్ళు అక్కర్లేదు. నిండా కాయలున్న టమాటాకు ఎండాకాలంలో రోజుకు రెండుసార్లు కావాలి. రోజూ చూడండి. చూసిన ప్రతిసారీ పోయనక్కర్లేదు.

చూడడం అంటే, వేలు రెండో కణుపు దాకా మట్టిలోకి దించండి. చల్లగా, అంటుకునేలా ఉంటే ఆగండి. పొడిగా ఉంటే పోయండి. ఇంకా మంచిది, కుండీని అంచు పట్టుకుని కాస్త లేపి చూడండి. నిండా నీళ్ళు పోసి, కారడం ఆగాక ఒకసారి లేపండి, ఆ బరువు చేతికి గుర్తుంటుంది. తర్వాత రోజూ అలాగే లేపుతుండండి. నాలుగైదు రోజుల్లో మీ చెయ్యే చెప్పేస్తుంది. పెద్ద కుండీలకైతే సన్నటి పొడి పుల్ల అడుగుదాకా గుచ్చి, పది నిమిషాలాగి తీయండి. తడి ఎంత ఎత్తు దాకా ఉందో పుల్ల మీద కనిపిస్తుంది.

పోసినప్పుడు మాత్రం మగ్గు లెక్క వద్దు. చిల్లుల్లోంచి నీళ్ళు బయటికి వచ్చేదాకా మెల్లగా పోయండి. రోజూ కొంచెం కొంచెం పోస్తే పైన బురద, మధ్యలో పొడి.

#16 పుదీనావనం

దీనికి ఒకటి కలుపుతాను. కోకోపీట్ ఎక్కువున్న కుండీ పూర్తిగా ఎండిపోతే అది నీటిని పీల్చుకోదు, తిప్పికొడుతుంది. మట్టిగడ్డ ముడుచుకుని కుండీ గోడకు, గడ్డకు మధ్య సందు వస్తుంది. పోసిన నీళ్ళన్నీ ఆ సందులోంచి నేరుగా కిందకి కారిపోతాయి. చూసేవాళ్ళు బాగా తడిసిందని అనుకుంటారు, లోపల మాత్రం పిడచకట్టుకుపోయి ఉంటుంది. అప్పుడు కుండీని బకెట్ నీళ్ళలో సగం దాకా ముంచి అరగంట ఉంచండి. పైమట్టి తడి తేలాక తీసి కారనివ్వండి.

నల్ల ప్లాస్టిక్ కుండీలు వాడేవాళ్ళు ఎండ తగిలే వైపు ముట్టుకుని చూడండి. ఆ పక్క మట్టి 45 డిగ్రీలు దాటొచ్చు, ఆ వైపు వేళ్ళు ఉడికిపోతాయి. తెల్ల గుడ్డ చుట్టినా, ముందు ఇంకో కుండీ అడ్డం పెట్టినా చాలు.

#17 పచ్చనిగూడు

నా టమాటా కాయల అడుగున నల్లటి మచ్చ వచ్చి తోలులా గట్టిపడుతోంది. కాల్షియం లోపమని విని గుడ్డు పెంకుల పొడి వేస్తున్నాను, నెలయింది. తగ్గలేదు.

#18 మట్టివాసన

కాయ అడుగుకు కాల్షియం చేరకపోవడం వల్లే ఆ మచ్చ వస్తుంది, అంతవరకూ మీరు విన్నది నిజం. కానీ చాలాసార్లు మట్టిలో కాల్షియం ఉంటుంది, కాయ చివరికి చేరదు. అది నీళ్ళతో కలిసే మొక్కలోకి ఎక్కుతుంది. కుండీ ఒక రోజు ఎండి, ఒక రోజు మునిగితే ఆ రవాణా తెగిపోతుంది. గుడ్డు పెంకు కరగడానికి నెలలు పడుతుంది, ఈ పంటకు అందదు. మచ్చ వచ్చిన కాయలు తీసేయండి. కుండీ 15, 20 లీటర్లకన్నా చిన్నదైతే పెద్దదానికి మార్చండి. మట్టి మీద ఎండుటాకులు పరిచి తడి నిలకడగా ఉంచండి. తర్వాతి గుత్తుల్లో తేడా కనిపిస్తుంది. నత్రజని ఎరువు కూడా కొంచెం తగ్గించండి, ఆకు మరీ జోరుగా పెరిగితే కాయ వంతు కూడా అదే లాక్కుంటుంది.

#19 పుదీనావనం

నాదీ ఒక సందేహం. ప్రతి ఏడాదీ కుండీలో మట్టి మూడు నాలుగు అంగుళాలు దిగిపోతుంది. మొక్క మట్టిని తినేస్తుందా?

#20 వేరుముడి

ఈ ప్రశ్నకు జవాబు దొరికింది కూడా ఒక కుండీలోనే! జాన్ బాప్టిస్ట్ వాన్ హెల్మాంట్ అనే ఫ్లెమిష్ (ఇప్పటి బెల్జియం ప్రాంతపు) శాస్త్రవేత్త ఆరబెట్టిన మట్టిని 200 పౌన్లు, అంటే సుమారు 90 కిలోలు, తూచి ఒక పెద్ద కుండీలో వేశాడు. అందులో విల్లో అనే చెట్టు మొక్క, 5 పౌన్లది, నాటాడు. దుమ్ము పడకుండా చిల్లులున్న రేకు మూత పెట్టాడు. అయిదేళ్ళు నీళ్ళు తప్ప ఏమీ వేయలేదు. చివరికి చెట్టు తూచితే 169 పౌన్ల పైచిలుకు తూగింది. మట్టిని మళ్ళీ ఆరబెట్టి తూచితే తగ్గింది 2 ఔన్సులు, అరవై గ్రాములు కూడా కాదు. ఇది ఆయన పోయాక 1648లో అచ్చయింది. చెట్టంతా నీళ్ళతోనే తయారైందని ఆయన అనుకున్నాడు. నీటితో పాటు గాలిలోని కార్బన్ డయాక్సైడ్ కూడా దాని ఒంట్లోకి చేరిందని తర్వాతివాళ్ళు తేల్చారు. తగ్గిన ఆ రెండు ఔన్సుల్లోనూ మొక్కకు తప్పనిసరి ఖనిజాలున్నాయి, అందుకే మనం ఎరువు వేస్తున్నాం.

మీ కుండీలో దిగిపోతున్నది కంపోస్ట్, కోకోపీట్ లాంటి సేంద్రియ పదార్థం. సూక్ష్మజీవులు దాన్ని కుళ్ళబెట్టి గాలిలో కలిపేస్తాయి, మిగిలినది అణిగిపోతుంది. అణిగిన మట్టిలో గాలి తగ్గుతుంది కాబట్టి, పైన నింపి ఊరుకోకండి. ఏడాదికోసారి మొక్కను తీసి, పాత మిశ్రమం విదిల్చి, కొత్త కంపోస్ట్, పెర్లైట్ కలిపి మళ్ళీ నాటండి.

#21 నీడతోట

అయిదేళ్ళు ఓపిగ్గా నీళ్ళు పోసి తూచాడా! ఎంత గొప్ప మనిషి.

మా మట్టి కుండీల అంచున తెల్లటి పొక్కులా పేరుకుంటుంది. అది బూజు అనుకుని గీకేస్తుంటాను. అదేమిటో కూడా చెప్పండి.

#22 కుండీలోకం

ఎక్కువగా అది లవణం. నీళ్ళలో, ఎరువులో ఉన్న ఉప్పులు గోడ గుండా బయటికి వచ్చి తడి ఆరాక అక్కడ మిగిలిపోతాయి. గీకితే పొడిగా, గరుకుగా రాలితే ఉప్పు, దూదిలా మెత్తగా ఉంటే బూజు. అంచున ఉండడం వల్ల నష్టం లేదు. మట్టిలో కూడా అలాగే పేరుకుంటోందనడానికి మాత్రం అది గుర్తు. ఆకు చివర్లు గోధుమరంగులో మాడుతుంటే రెండు మూడు నెలలకోసారి కుండీ పరిమాణానికి రెండింతల మామూలు నీళ్ళు మెల్లగా పోసి పూర్తిగా కారనివ్వండి, ఉప్పు కొట్టుకుపోతుంది. కారిన నీళ్ళను మళ్ళీ కుండీ పీల్చుకోకూడదు. ప్లేటు ఉంటే వెంటనే వంపేయండి.

#23 అయిదోఅంతస్తు

చిగురాకు గారూ, ఇంకో మాట. మీకు నాలుగు గంటల ఎండే ఉంది. టమాటా, మిరప బాగా కాయాలంటే ఆరు నుంచి ఎనిమిది గంటలు కావాలి. ఎండ తక్కువైతే మొక్క తాగేదీ తక్కువే, మట్టి ఆరేదీ ఆలస్యమే. మీ కుండీలు బురదవడంలో దాని వంతు కూడా ఉంది. వీలైతే టమాటాను ఎక్కువ ఎండ పడే మూలకు జరపండి. ఆకుకూరలకు, పుదీనాకు ఆ నాలుగు గంటలు చాలు.

#24 చిగురాకు22

మూడు వారాల తర్వాత వస్తున్నాను. మొదటి వారం ఏ మార్పూ లేదు. రోజూ లేచీ లేవగానే కిటికీ దగ్గరికి వెళ్ళడం, కుండీ లేపడం, నీళ్ళు పోయకుండా వెనక్కి రావడం. ఆ పోయకుండా ఉండడమే కష్టమైంది. పదో రోజు కాండం చివర ముడుచుకుని ఉన్న చిన్న ఆకు విప్పుకుంది. ఇప్పుడు అరచేతి పొడవున అయిదు కొత్త ఆకులున్నాయి. కాండం మొదట్లో మట్టికి కాస్త పైన తెల్లటి బొడిపెలు వరుసగా వచ్చాయి. అవి వేళ్ళేనా?

గ్లాసులో పెట్టిన మూడు కొమ్మల్లో రెండింటికి వేళ్ళు వచ్చాయి, చిన్న కుండీల్లో నాటాను. అయిదోఅంతస్తు గారు చెప్పినట్టు మెట్ల పక్క మూలలో ఎండ కొలిచాను, అక్కడ ఆరున్నర గంటలు వస్తోంది. మిరపలు అక్కడికి చేర్చాను.

ఇంకో రెండు ప్రశ్నలు. మట్టి మీద సన్నటి నల్ల ఈగలు ఎగురుతున్నాయి. పుదీనా కుండీలోంచి తీస్తే వేళ్ళు కుండీ ఆకారంలో గుండ్రంగా చుట్టుకుపోయి ఉన్నాయి, మట్టే కనిపించడం లేదు.

#25 మట్టివాసన

చాలా సంతోషంగా ఉంది! అవి వేళ్ళే. ఇంకో అంగుళం మిశ్రమం పైన వేయండి, అవన్నీ లోపలికి దిగుతాయి.

ఈగల పిల్లలు తడి పైమట్టిలో బతుకుతాయి. నీళ్ళు పోసే ముందు పై అంగుళం ఆరనివ్వండి, పసుపు రంగు జిగురు అట్టలు మట్టికి దగ్గరగా పెట్టండి. గుడ్డు నుంచి ఈగ అయ్యేదాకా మూడు నాలుగు వారాలు పడుతుంది కాబట్టి నెల రోజులు విడవకుండా చేయాలి.

#26 పుదీనావనం

పుదీనా సంగతి నాకు వదిలేయండి. చుట్టుకున్న గడ్డను కత్తితో నిలువుగా నాలుగు ముక్కలు కోయండి. భయం వద్దు, అది చాలా మొండిది. ఒక ముక్క అదే కుండీలో కొత్త మిశ్రమంతో, మిగతావి వేరే వాటిలో. పైన రెండంగుళాలు ఉంచి మొత్తం కత్తిరించేయండి. పుదీనాను ఇంకే మొక్కతోనూ కలిపి నాటకండి, దాని తీగవేళ్ళు రెండో మొక్కను బతకనివ్వవు.

#27 చిగురాకు22

నాలుగు ముక్కలు చేశాను. కోస్తుంటే వచ్చిన వాసనతో ఇల్లంతా నిండిపోయింది.

టమాటాను ఇవాళ పొద్దున మూల ఎండలోకి మార్చాను, మొదటి రోజు కదా అని రెండు గంటలే ఉంచాను. దాని మీద అప్పుడే ఒక చిన్న పూమొగ్గల గుత్తి వచ్చింది. ఉంచనా, తుంచనా? తుంచడానికి చెయ్యి రావడం లేదు.

#28 మట్టివాసన

ఈ ఒక్క గుత్తి తుంచేయండి. వేళ్ళు ఇంకా కుదురుకోలేదు. రెండు వారాల్లో పెద్ద కుండీకి మారుద్దాం, ఆ తర్వాత వచ్చేవన్నీ ఉంచుకుందురు గానీ. ఎండ రోజుకు గంట చొప్పున పెంచండి.

#29 చిగురాకు22

తుంచాను. కుండీ లేపి చూశాను, బరువుగానే ఉంది. ఇవాళ నీళ్ళు పోయలేదు.